బిరడా మీద తేదీ

నాలుగు రోడ్ల కూడలిలో, ఆకుపచ్చ దీపం వెలిగిన మరుక్షణం, వాన సన్నగా మొదలైన వేళ, వాచీ డాక్టర్ కారు ఆగిపోయింది. ఆగడానికి అంతకంటే మంచి చోటు కావాలని వెతికినా దొరకదు.

వెనక హారన్లు మోత పెట్టాయి. ముందు సీట్లో బామ్మ చేతిసంచీ ఒళ్ళో సర్దుకుని మనవడి వైపు తిరిగింది.

"మళ్ళీనా?"

"ఒక్క నిమిషం బామ్మా."

"పోయిన ఆదివారం కూడా ఒక్క నిమిషమే అన్నావు. ఆ నిమిషంలో నేను కునుకు తీసి లేచాను."

అతను తాళం తిప్పాడు. ఇంజిన్ గరగరలాడిందే గానీ అందుకోలేదు. వెంట్రుకంత స్ప్రింగును ఊపిరి బిగబట్టి గడియారంలో కూర్చోబెట్టే చెయ్యి అతనిది. అందుకే వీధిలో అందరూ వాచీ డాక్టర్ అంటారు. అలాంటి వాడు ఇంత పెద్ద యంత్రం ముందు, అదీ ఇంతమంది చూస్తుండగా, తెల్లమొహం వేయాల్సి రావడం అతనికి తలకొట్టేసినట్టుగా ఉంది. బానెట్ ఎత్తుదామని దిగాడు.

"బానెట్ జోలికి వెళ్ళకండి."

పక్కనే ఒక స్కూటర్ ఆగి ఉంది. దాని మీద పసుపు రెయిన్‌కోటులో ఒక అమ్మాయి. కుడి బుగ్గ మీద నల్లటి గ్రీజు మరక. ఆ మరక ఉందని చెప్పాలో, చెప్పకుండా ఇంకాసేపు చూడాలో అతనికి వెంటనే తేలలేదు.

"ఏమన్నారు?"

"జబ్బు ముందు లేదు, వెనక ఉంది. మీ పెట్రోల్ పంపు ఏడుపు రెండు బండ్ల వెనక నుంచే వినిపించింది. ట్యాంకు మూత తీయండి."

"పెట్రోల్ ఉందండీ. పొద్దున్నే నింపించాను."

"ఉందా లేదా అని నేను అడిగానా? తీయమన్నాను."

తీశాడు. ట్యాంకు 'హుస్స్' మంటూ గాలిని లోపలికి లాక్కుంది. ఎంత గట్టిగా అంటే, బామ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎవర్రా అంతలా నిట్టూర్చింది?" అంది.

"మీ కారేనండీ," అంది ఆ అమ్మాయి. "ఇప్పుడు తిప్పండి తాళం."

తిప్పగానే ఇంజిన్ అందుకుంది. హారన్లు నోరు మూసుకున్నాయి. అతనికి ప్రాణం లేచొచ్చింది గానీ, ఆ సంగతి ఆమె ముందు ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

"థ్యాంక్సండీ. ఇంక నా బండి సంగతి నేను చూసుకుంటాను."

"చూసుకున్నారుగా, కనిపిస్తూనే ఉంది." ఆమె హెల్మెట్ సర్దుకుంది. "రేపు షెడ్డుకి తీసుకురండి. రైలు గేటు పక్కన, నీలం తలుపులు."

"ఆ షెడ్డు మాకు తెలుసమ్మా," అంది బామ్మ. "మూడు నెలల కిందట ఈ కారుకి కొత్త పంపు వేయించింది అక్కడే. పెద్దమేస్త్రి వేశాడు."

"ఆయన మా నాన్న. అప్పుడు నేను ట్రైనింగ్‌లో ఉన్నాను, ఊళ్ళో లేను." ఆమె మొహం ఒక్క క్షణం మారింది. "అయితే తప్పకుండా తీసుకురండి."

స్కూటర్ వానలోకి వెళ్ళిపోయింది. అతను అటే చూస్తూ నిలబడ్డాడు.

"దీపం మళ్ళీ ఎర్రబడిందిరా," అంది బామ్మ. "నీ మొహం కూడా."

*

షెడ్డులో అందరూ ఆమెని చిన్నమేస్త్రి అంటారు.

ఆ షెడ్డులో వింతైనది గోడ. పానాలు, సుత్తులు, పట్టకారులు అన్నీ మేకులకి వేలాడుతుంటాయి. ప్రతిదాని చుట్టూ దాని ఆకారం తెల్ల పెయింటుతో గీసి ఉంటుంది. ఏది చోటులో లేకపోయినా గోడే చెప్పేస్తుంది. అదంతా పెద్దమేస్త్రి పని. ఆయన కొత్త పనిముట్టు కొన్నా పది రోజులు వాడి చూసి, నచ్చితేనే గోడ మీద గీత గీస్తాడు. గీత పడితే అది షెడ్డుది. పడకపోతే పరాయిది.

"బండి బయల్దేరాక ఎంతసేపటికి ఆగుతోంది?" అని అడిగింది చిన్నమేస్త్రి.

"ముప్ఫై ఎనిమిది నిమిషాలకి."

"సుమారుగానా?"

"సుమారు అనే మాట మా షాపులో లేదండీ. రెండుసార్లు ముప్ఫై ఎనిమిది, నిన్న ముప్ఫై తొమ్మిది."

ఆమె మొదటిసారి అతని వంక కొంచెం మర్యాదగా చూసింది. "మరి రోజూ షాపుకి వెళ్ళేటప్పుడు?"

"అప్పుడు ఆగదు. షాపు ఆరు నిమిషాలే. బామ్మ చెల్లెలు కాలు విరిగి మంచాన ఉంది, ఈ నెల నుంచే ఆదివారాలు అంత దూరం వెళ్తున్నాం."

"సరిపోయింది. పంపు పెట్రోల్ తోడుతున్నకొద్దీ, ఖాళీ అయినంత మేర ట్యాంకులోకి గాలి రావాలి. మీదాన్లోకి రావడం లేదు. సీసా మూతి నోట్లో పెట్టుకుని, గాలి వదలకుండా నీళ్ళు పీల్చి చూడండి, ఎంతసేపు పీలుస్తారో. మూతలో గాలి కోసం చిన్న కవాటం ఉంటుంది, అదీ బిగుసుకుపోయింది."

"అయితే మూతకి మేకుతో చిన్న చిల్లు కొడితే పోలేదా? ఎక్కడో చదివాను."

ఆమె చేతిలోని పానా కింద పెట్టింది. పక్క బండి కింద నుంచి పెద్దమేస్త్రి నవ్వు వినిపించింది.

"అది మా తాతల కాలం కార్బురేటర్ బండ్లకి చేసేవాళ్ళు," అంది ఆమె. "ఇది పాతదైనా ఇంజెక్షన్ బండి. దీని ట్యాంకు తిన్నగా బయటికి ఊపిరి వదలదు. వెనక బొగ్గు డబ్బా అని ఒకటుంటుంది. పెట్రోల్ ఆవిరి దాన్లోకి వెళ్తే బొగ్గు పట్టి ఉంచుతుంది, తర్వాత ఇంజిన్ లాక్కుని కాల్చేస్తుంది. బయటి గాలి లోపలికి వచ్చేదీ ఆ డబ్బా మీదుగానే. మీరు మూతకి చిల్లు కొడితే ఆ ఆవిరంతా మీ బామ్మగారి కిటికీ కింద తిరుగుతుంది. ఎవరో అగ్గిపుల్ల గీస్తారు. మీ షాపులో గడియారాలు తెరవడానికి మీరుండరు."

కిటికీ అన్న మాట అతనికి ఎక్కడో తగిలింది. కానీ ఆమె బుగ్గ మీద మరక ఇవాళ ఎడమ వైపుకి మారిందన్న గొప్ప విషయం అప్పుడే కంటపడటంతో, ఆ తగిలినదాన్ని అక్కడే వదిలేశాడు.

ఆ రోజు మొదలు మధ్యాహ్నం భోజనాల వేళ షాపు మూసి షెడ్డుకి రావడం అతనికి అలవాటైంది. కారు ఎలా ఉందో చూడటానికేనట. కారు ఎప్పుడూ ఉన్నచోటే ఉంది. మొదటిరోజు ఆమె పంపు చూసింది. రెండోరోజు ఫిల్టరు చూసింది, తర్వాత, "ఒక్కసారి పరీక్ష కోసమే" అంటూ మూత కొంచెం వదులు చేసి, అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని యాభై నిమిషాలు ఊరంతా తిప్పింది. బండి ఎక్కడా ఆగలేదు. గాలి రాకపోవడమే జబ్బని తేలిపోయింది.

"మీ పనిలో ఇలాంటి పరీక్షలుంటాయా?" అని దారిలో అడిగింది.

"ఉంటాయి. బాగుచేశాక వారం పెట్టుకుని చూస్తాను. అప్పుడు వెనకమూత లోపల సూదిమొనతో తేదీ, నా గుర్తు గీస్తాను. కంటికి కనబడదు, భూతద్దం పెట్టాలి. తర్వాత తెరిచినవాడికి ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో తెలియాలిగా."

"తప్పు చేసినా గీస్తారా?"

"తప్పు చేసినప్పుడు అది తప్పని తెలియదుగా అండీ. గీసేస్తాను."

ఆమె నవ్వింది. కాసేపటికి నవ్వు తగ్గింది.

"మా నాన్న పోయిన నెల ఒక బండికి ఆయిల్ బోల్టు బిగించడం మర్చిపోయారు. నలభై ఏళ్ళలో మొదటిసారి. 'ఇంకొక్కసారి ఇలా జరిగితే పానా ముట్టుకోను' అన్నారు. అన్నారంటే అంతే. అప్పట్నుంచి బిగించిన బోల్టునే మూడేసిసార్లు చూస్తున్నారు. పని మానేస్తే ఆయన ఏమైపోతారో అని నాకు భయంగా ఉంటుంది."

"నాతో ఎందుకు చెప్పారు?" అన్నాడతను.

"మీరు ఎవరికీ చెప్పేలా లేరు. అసలు ఏదీ చెప్పేలా లేరు."

*

మూడోరోజు అతను వచ్చేసరికి కారు లిఫ్ట్ మీద ఉంది. చిన్నమేస్త్రి దాని కింద నిలబడి, చేతిలో టార్చితో, మొహం నిండా పండగ చేసుకుంటోంది.

"రండి రండి! దొంగ దొరికాడు."

బొగ్గు డబ్బా నుంచి ఒక సన్నటి రబ్బరు గొట్టం వెనక చక్రం పైకి వెళ్ళింది. గాలి పీల్చుకోవడానికి దాని కొస తెరిచి ఉండాలి. లేదు. ఆమె పట్టకారుతో లాగింది. కొస లోంచి వేలి కణుపంత నల్లటి బిరడా ఊడి వచ్చింది. పొద్దున మూత బిగించి నడిపి ఉంచిన ట్యాంకు హుస్సుమని ఊపిరి పీల్చుకుంది.

"చూడండి ఎంత శ్రద్ధగా చేసిన మూర్ఖత్వమో! సరిగ్గా గొట్టం కొలతకి దిగింది. అంచులు నున్నగా తోమాడు. గాలి చొరబడకుండా చుట్టూ రబ్బరు రింగు కూడా తొడిగాడు మహానుభావుడు. ఇంత ఓపిక ఉన్న మూర్ఖుణ్ణి నేను జన్మలో చూడలేదు."

ఆమె చూస్తూనే ఉంది. మూర్ఖుడు ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

రెండు నెలల కిందటి మాట. తన గదిలోకి పెట్రోల్ వాసన వస్తోందని బామ్మ గొడవ పెట్టింది. కారు నిలిపేది ఆమె కిటికీ కిందే. అతను కారు కింద దూరి వెతికితే, నోరు తెరుచుకుని ఉన్న గొట్టం ఒకటి కనిపించింది. గడియారంలో తెరిచి ఉన్నది ఏదైనా తప్పే. దుమ్ము పోతుంది, తేమ పోతుంది. మూసెయ్యాలి. షాపులో చిన్న లేతు మీద నల్ల ప్లాస్టిక్ కడ్డీని కొలతకి చెక్కి, రింగు తొడిగి, బిగించాడు. వాసన పోయింది. బామ్మ మెచ్చుకుంది. అతనూ తనని తాను మెచ్చుకుని, ఆ సంగతే మర్చిపోయాడు.

"అది..." అన్నాడు.

"ఏదీ, ఇలా ఇవ్వు తల్లీ."

పెద్దమేస్త్రి వచ్చి బిరడాని అరచేతిలో వేసుకున్నాడు. అటూ ఇటూ దొర్లించాడు. ఆయన మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో ఇద్దరూ గమనించలేదు.

"కొత్త పంపుతో పాటు ఇలాంటి నల్ల మూతలు వస్తాయి," అన్నాడు మెల్లగా. "ట్యాంకు దించినప్పుడు దుమ్ము పోకుండా గొట్టాలకి పెడతాను. పని అయ్యాక తీసేస్తాను. తీయలేదన్నమాట."

"నాన్నా, ఇది చూస్తే అలా..."

"రెండోసారి తల్లీ." ఆయన జేబులోంచి పానా తీసి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, గోడ మీద దాని గీతలో తగిలించాడు. నీలం కోటు విప్పి మేకుకి వేశాడు. "మొన్నటిది ఆయిల్ పోవడంతో సరిపోయింది. ఇది పెద్దావిడని నడిరోడ్డు మీద నిలబెట్టింది. చాలు."

వాచీ డాక్టర్ నోరు తెరిచాడు. ఆమె అతని వైపు తిరిగింది. ఆ కళ్ళలో నీళ్ళు.

"మీరు వెళ్ళండి. రేపు రండి," అంది.

అతను వెళ్ళిపోయాడు. ఇక్కడ మనవాడి గురించి ఒక్క మంచి మాటైనా చెబుదామంటే నాకు దొరకడం లేదు.

*

ఆ సాయంత్రం ఒక వాచీకి గంటల ముల్లు ఉండాల్సిన చోట నిమిషాల ముల్లు బిగించాడు. అది చూసుకుని షాపు మూసేసి ఇంటికి వచ్చాడు. కంచంలో అన్నం కెలుకుతుంటే బామ్మ ఎదురుగా కూర్చుంది.

"కక్కు," అంది.

కక్కాడు. గొట్టం, బిరడా, పెద్దాయన కోటు విప్పడం, అన్నీ.

"మరి అక్కడే చెప్పలేదేం?"

"మూర్ఖుడు అంది బామ్మా."

"మూర్ఖుడివేగా. అందులో దాచుకోవడానికి ఏముంది?"

"ఆ అమ్మాయి దృష్టిలో కాకూడదనుకున్నాను."

బామ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. మనవడు ప్రేమలో పడ్డాడని ఆమెకి కూడలిలోనే తెలుసు. ఇంత పిరికిగా పడతాడని మాత్రం తెలియదు.

"ఒరేయ్, ఆ పెద్దాయన తన చేతుల్ని తను నమ్మడం మానేశాడు. నీ పరువు కోసం. పొద్దున్నే వెళ్ళి చెప్పాలి. నేనూ వస్తాను."

"నువ్వెందుకు?"

"ఒక్కడివే వెళ్తే గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చేస్తావు. నిన్ను పెంచింది నేను."

*

పొద్దున్నే ఆటోలో వెళ్ళారు. పెద్దమేస్త్రి షెడ్డు బయట ముక్కాలి పీట మీద కూర్చుని, పాత వాషర్లని సైజుల వారీగా డబ్బాల్లో వేస్తున్నాడు. ఎవరికీ అక్కరలేని పని. లోపల చిన్నమేస్త్రి ఒక్కతే ఏదో బండి చక్రం విప్పుతోంది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

అతను పెద్దాయన ముందు నిలబడ్డాడు. వెనక బామ్మ. తప్పించుకునే దారి లేదు.

"మేస్త్రిగారూ, ఆ బిరడా మీది కాదు. నేను పెట్టాను."

లోపల పానా శబ్దం ఆగిపోయింది.

పెద్దమేస్త్రి తల ఎత్తి దిగులుగా నవ్వాడు. "మంచివాడివి బాబూ. నా మీద జాలితో అంటున్నావు. ఆ మూతలు నాకు తెలియవా?"

"జాలి కాదండీ. వాసన వస్తోందని నేనే చెక్కి బిగించాను. అడుగున చూడండి." అతను జేబులోంచి భూతద్దం తీసి ఆయన చేతిలో పెట్టాడు. "అలవాటుగా గీసేశాను."

చిన్నమేస్త్రి బిరడా తెచ్చి ఇచ్చింది. అతని వంక చూడలేదు. పెద్దమేస్త్రి భూతద్దాన్ని కంటికి ఆనించి, బిరడాని వెలుగులోకి తిప్పాడు. ఒక్కో అక్షరం పెదవులతో చదివాడు.

"పద్దెనిమిది... నాలుగో నెల." ఆగాడు. "నేను పంపు వేసింది మూడో నెలలో."

"అవునండీ."

"అంటే నేను మూతలు తీశాను."

"అన్నీ తీశారండీ. ఆ గొట్టం తెరిచే ఉంది. తెరిచి ఉంది గనకే నేను మూశాను."

పెద్దమేస్త్రి లేచాడు. ఒళ్ళో డబ్బా బోర్లాపడి వాషర్లు వాకిలంతా దొర్లాయి. ఆయన వాటి వంక కూడా చూడలేదు.

"తీశాను తల్లీ! నేను పెట్టినవన్నీ నేను తీశాను!"

"విన్నాను నాన్నా," అంది ఆమె. ఆయన చేతిలోంచి భూతద్దం తీసుకుని తనూ చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత పక్కనున్న పాత టైరు మీద కూలబడి, మోచేతిలో మొహం దాచుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. గుండె మీద నుంచి బండరాయి దింపినట్టయింది ఆమెకి. అది చూసి వాచీ డాక్టర్‌కి కూడా కళ్ళు చెమర్చాయి.

పెద్దమేస్త్రి అప్పటికే లోపలికి వెళ్ళి కోటు తొడుక్కుని, పానా జేబులో పెట్టుకుని వచ్చాడు. ఇప్పుడు తిట్టడానికి ఆయనకి బలం వచ్చింది.

"ఎవడైనా కారుకి ముక్కు మూస్తాడా? చదువుకున్నవాడివి! ట్యాంకు లోపలికి నొక్కుకుపోతే ఏం చేసేవాడివి? కొత్త పంపు కాలిపోతే?"

"తప్పేనండీ."

"తప్పే! అసలు వాసన ఎందుకొచ్చింది? అది ఆలోచించావా? ట్యాంకు ఎంతదాకా నింపిస్తారు మీరు?"

అతను బామ్మ వంక చూశాడు. బామ్మ గోడ మీది సుత్తుల వంక చూసింది.

"అంచుదాకా పోయిస్తాను," అని ఒప్పుకుంది చివరికి. "పెట్రోల్ బంకువాడు ఆపేసినా ఇంకొంచెం, ఇంకొంచెం అంటాను. కాఫీ అయినా గ్లాసు నిండా పోస్తేనే నాకు తృప్తి."

"బంకులో గొట్టం క్లిక్ మన్నాక చుక్క కూడా పోయించకూడదు అమ్మగారూ. పెట్రోల్ పొంగి బొగ్గు డబ్బాలోకి దిగుతుంది. బొగ్గు తడిసి ముద్దయ్యాక ఆవిరిని ఇంకెక్కడ పట్టుకుంటుంది? ఆ వాసన అందుకే."

"అయితే మొదటి తప్పు నాదేనన్నమాట," అంది బామ్మ. అలా అనడానికి ఆమెకి బొత్తిగా మొహమాటం లేదు. "చూశావుట్రా, ఒప్పుకోవడం ఎంత తేలికో?"

చిన్నమేస్త్రి టైరు మీద నుంచి లేచింది. మొహం తుడుచుకుంది. గ్రీజు రెండు బుగ్గలకీ సమంగా అంటింది. తిన్నగా అతని ముందుకి వచ్చి నిలబడింది.

"నిన్నే ఎందుకు చెప్పలేదు?"

"మూర్ఖుడన్నారు. అది నేనేనని తెలిస్తే మీరు మళ్ళీ నన్ను రమ్మనరేమోనని భయపడ్డాను."

"మా నాన్న రాత్రి అన్నం ముట్టలేదు. నేనూ ముట్టలేదు."

"నా వల్లేనండీ. అందుకు నేనేం చెప్పినా తక్కువే. మీ కోపం ఎప్పుడు తగ్గితే అప్పుడే తగ్గనివ్వండి."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "కొత్త బొగ్గు డబ్బా వేసి, గొట్టం ఊది, మూత మార్చి టెస్ట్ డ్రైవ్‌కి తీస్తాను. పక్కన కూర్చుని టైము చూడండి. నలభై నిమిషాలు దాటేదాకా నాతో ఒక్క మాట మాట్లాడకండి."

*

మధ్యాహ్నం మూడింటికి బయల్దేరారు. వాన ఉండీ లేనట్టు పడుతోంది. బామ్మ తానూ వస్తానంది గానీ, పెద్దమేస్త్రి టీ తెప్పిస్తాననడంతో ఆగిపోయింది.

అతను ఒక్క మాట మాట్లాడలేదు. చేతిలో స్టాప్‌వాచీ. పది నిమిషాలు. ఇరవై. ఆమె గేర్లు మారుస్తోంది, అద్దంలో చూస్తోంది, పాటేదో కూనిరాగం తీయబోయి తనకి కోపమని గుర్తొచ్చి ఆపేస్తోంది. ముప్ఫై. వెనక పంపు శబ్దం ఏ తేడా లేకుండా వినిపిస్తోంది. ముప్ఫై ఐదో నిమిషంలో నాలుగు రోడ్ల కూడలి వచ్చింది. ఎర్ర దీపం.

వైపర్లు వాన తుడుస్తున్నాయి. ముప్ఫై ఏడు. దీపం మారింది. బయల్దేరారు. ముప్ఫై ఎనిమిది. అతను ఊపిరి బిగబట్టాడు. ముప్ఫై తొమ్మిది. ఇంజిన్ హాయిగా తన పని తను చేసుకుపోతోంది.

నలభై.

ఆమె కారుని ఒక చెట్టు పక్కకి తీసి ఆపింది. దిగింది. అతనూ దిగాడు. ఆమె ట్యాంకు మూత మీద చెయ్యి వేసి, చెవి దగ్గరగా పెట్టి, మెల్లగా తిప్పింది.

ఏ చప్పుడూ రాలేదు.

"రాలేదు!" అంది. మూడు రోజుల బరువు దిగి, ఆమె భుజాలు వదులయ్యాయి. "హాయిగా పీలుస్తోంది." మూత బిగించి అతని వైపు తిరిగింది. "ఇంక మాట్లాడొచ్చు. మీ లోపల ఇంకేమైనా మూసిపెట్టారా? ఉంటే ఇప్పుడే చెప్పేయండి. మళ్ళీ నడిరోడ్డు మీద ఆగిపోవడం నాకు ఇష్టంలేదు."

"ఒకటుంది."

"చెప్పండి."

"మీరంటే నాకు ఇష్టం. ఆ హారన్ల మధ్య మీరు నన్ను కసిరిన దగ్గర్నుంచి. కారు బాగైపోతుందేమోనని రోజూ దిగులుపడేవాణ్ణి. బాగైతే ఏ వంక పెట్టుకుని రావాలో తెలియలేదు." ఇంత పొడుగు మాట అతను ఎప్పుడూ మాట్లాడి ఎరగడు. ఆయాసం వచ్చింది. దాని వెంటే చెప్పలేనంత తేలిక కూడా వచ్చింది.

ఆమె బిగించిన మూతనే మళ్ళీ బిగించింది.

"జబ్బు వెనక ఉందని మొదటిరోజే చెప్పానా లేదా?"

"చెప్పారు."

"మరి గాలి వచ్చే దారి వదిలేసి రెండు రోజులు పంపు అని, ఫిల్టరు అని ఎందుకు వెతికాననుకుంటున్నారు?"

అర్థమవడానికి అతనికి కొంచెం టైము పట్టింది. ఎంత టైమో అతను చూసుకోలేదు. స్టాప్‌వాచీ చేతిలో నడుస్తూనే ఉంది.

"అయితే కోపం పోయిందా?"

"సగం పోయింది. మిగతా సగం దాచుకుంటాను, ఎప్పుడైనా పనికొస్తుంది." ఆమె జేబులోంచి నల్ల బిరడా తీసి అతని చేతిలో పెట్టింది. "దీనికి రెండో వైపు ఖాళీగా ఉంది. ఇవాళ్టి తేదీ వేయండి."

అతను చొక్కా జేబులోంచి సూది తీసి, కారు వెనక డిక్కీ మీద ఆనించి గీశాడు. వాన చినుకులు పడకుండా ఆమె రెయిన్‌కోటు అంచు అడ్డం పట్టింది.

*

వాళ్ళు తిరిగొచ్చేసరికి పెద్దమేస్త్రి, బామ్మ రెండో టీ తాగుతున్నారు. ఇద్దరి గ్లాసులూ అంచుదాకా ఉన్నాయి.

"ఆగిందా?" అన్నాడు పెద్దమేస్త్రి.

"ఆగలేదు నాన్నా. ఒక్కసారి కూడా." ఆమె బిరడాని ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

పొద్దుటి నుంచి భూతద్దం ఆయన జేబులోనే ఉంది. తీసి చూశాడు. ఒక వైపు చదివాడు, తిప్పి రెండో వైపు చదివాడు. భూతద్దం దించి కూతురి మొహం చూశాడు. ఆ తర్వాత కుర్రాడి మొహం చూశాడు. వాటిని చదవడానికి ఆయనకి భూతద్దం అక్కరలేకపోయింది. బామ్మ మాత్రం గ్లాసు కింద పెట్టి, కళ్ళజోడులోంచి ముగ్గురినీ చూస్తూ తెగ సంబరపడిపోతోంది.

"ఏరా, కక్కావా?"

"కక్కాను బామ్మా."

పెద్దమేస్త్రి లేచి అలమరలోంచి తెల్ల పెయింటు డబ్బా, సన్నటి బ్రష్షు తీశాడు. తన పానా గీత పక్కన ఖాళీ చూసి చిన్న మేకు కొట్టాడు. బిరడాకి దారం కట్టి దానికి తగిలించి, చెయ్యి ఏమాత్రం వణకకుండా దాని చుట్టూ గుండ్రంగా గీత గీశాడు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. బాగా కుదిరింది.

బ్రష్షులో ఇంకా పెయింటు మిగిలింది. ఆయన వాచీ డాక్టర్ వైపు తిరిగి, తల నుంచి కాళ్ళ దాకా కొలిచినట్టుగా చూశాడు.

"బాబూ, కాస్త ఆ గోడకి ఆనుకుని నిలబడు."

"నాన్నా!" అని అరిచింది చిన్నమేస్త్రి.

అతను అప్పటికే వెళ్ళి నిలబడ్డాడు.